అగం మూడు ఆల్బమ్‌లు, త్యాగయ్య తెలుగు, మన హూడి పిల్లలు



త్యాగరాజ ఆరాధన సాయంత్రం కార్యక్రమంలో అగం బ్యాండు పాటలు కూడా పెట్టాలని మన పిల్లలు కమిటీని అడిగారు. పెద్దవాళ్ళలో కొందరు వద్దన్నారు. గిటారు, డ్రమ్ము పెట్టి త్యాగయ్యను పాడటం అపచారం అన్నది వాళ్ళ మాట. ఆ మాట ఇంకా తేలలేదు. ఇలాంటి విషయం అరిచి తేల్చేది కాదు, విని తేల్చేది. కాబట్టి మేము ఆ మూడు ఆల్బమ్‌లు మొదటి నుంచి చివరిదాకా విన్నాం. వాటిని ఏళ్ళ తరబడి వింటున్న మన సంఘం కుర్రవాళ్ళతో, ఇప్పుడు కుర్రవాళ్ళు కాని వాళ్ళతో కూడా మాట్లాడాం. ఏ ఆల్బమ్ ఎవరికి ఎందుకు ఇష్టమో అడిగాం. ఆ సంగతులన్నీ ఇక్కడ రాస్తున్నాం. కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపికగా చదవండి.

ముందు, ఈ సంగీతం ఏమిటో తెలియని వాళ్ళ కోసం నాలుగు మాటలు.

అగం వాళ్ళది కర్ణాటక ప్రోగ్రెసివ్ రాక్ అంటారు. ప్రోగ్రెసివ్ రాక్ 1960ల చివర్లో ఇంగ్లండులో పుట్టింది. దాని పుట్టుకలో సగం రికార్డు ప్లేటు చలవే. పాత 78 ఆర్‌పీఎమ్ ప్లేటులో ఒక పక్క మూడు, మూడున్నర నిమిషాలే పట్టేది. పాట అంతలోనే అయిపోవాలి. మన విద్వాంసులు కూడా ఆ రోజుల్లో అరగంట కీర్తనను మూడు నిమిషాలకు కుదించి ప్లేటుకు ఇచ్చారు. 1948లో అమెరికాలో లాంగ్ ప్లే రికార్డు వచ్చింది. దాంతో ఒక పక్కకు ఇరవై నిమిషాల పైన చోటు దొరికింది. చోటు ఉంటే మనిషి నింపకుండా ఉండడు కదా. కింగ్ క్రిమ్సన్ మొదటి ఆల్బమ్ 1969లో వచ్చింది. పింక్ ఫ్లాయిడ్ 1971లో ఎకోస్ అనే ఒకే పాటతో ఒక పక్క మొత్తం నింపింది. యెస్ అనే బృందం 1972లో క్లోజ్ టు ది ఎడ్జ్ అని ఇంకో పక్క నింపింది. అదే ఏడు జెత్రో టల్ వాళ్ళు ఒకే పాటను రెండు పక్కలా సాగదీశారు.

వీళ్ళ లక్షణాలు మూడు. పాట పొడుగ్గా ఉంటుంది, అందులో భాగాలు ఉంటాయి. లెక్క మారుతూ ఉంటుంది, మామూలు నాలుగు దెబ్బలే కాకుండా అయిదు, ఏడు కూడా వస్తాయి. ఇక ఆల్బమ్ అంటే విడి పాటల మూట కాదు, మొదటి నుంచి చివరిదాకా ఒకే వస్తువు.

ఈ మూడూ చదివితే కచేరీకి వెళ్ళే వాళ్ళకు నవ్వు వస్తుంది. పల్లవి, అనుపల్లవి, చరణం, నెరవల్, స్వరం అని భాగాలు మనకు ఎప్పటినుంచో ఉన్నాయి. ఏడు దెబ్బల మిశ్ర చాపు, అయిదు దెబ్బల ఖండ చాపు మన పెళ్ళి బాజాలో కూడా వినపడతాయి. కచేరీకి వర్ణం నుంచి మంగళం దాకా ఒక క్రమం ఉంది. అంటే దక్షిణాది సంగీతం విన్నవాడు ఏదో ఒక రోజు రాక్ గిటారు పట్టుకుంటే వాడు ప్రోగ్రెసివ్ వైపే వెళతాడు. అది ఆశ్చర్యం కాదు. రావడానికి ఇంత కాలం పట్టడమే ఆశ్చర్యం.

ఈ దారిలో ముందు నడిచినవాళ్ళు ఉన్నారు. మహావిష్ణు ఆర్కెస్ట్రా నడిపిన గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, వయొలిన్ ఎల్. శంకర్, తబలా జాకిర్ హుస్సేన్, ఘటం విక్కు వినాయక్‌రామ్ కలిసి శక్తి అనే బృందం పెట్టారు. వాళ్ళ మొదటి ఆల్బమ్ 1976లో వచ్చింది. అదే బృందం తర్వాత రిమెంబర్ శక్తి అన్న పేరుతో తిరిగి లేచినప్పుడు అందులో మాండలిన్ వాయించింది మన పాలకొల్లు బిడ్డ యు. శ్రీనివాస్. 1969లో పుట్టి 2014లో, 45 ఏళ్ళకే వెళ్ళిపోయాడు. 1986లో ఇళయరాజా హౌ టు నేమ్ ఇట్ అనే ఆల్బమ్ చేసి, దాన్ని త్యాగయ్యకూ, జర్మనీ బాఖ్‌కూ కలిపి అంకితం ఇచ్చారు. కొచ్చిలో మదర్‌జేన్ వాళ్ళు 2008లో మక్తూబ్ అనే ఆల్బమ్‌లో ఎలక్ట్రిక్ గిటారు మీద గమకాలు పలికించారు. కాబట్టి అగం వాళ్ళు ఆకాశం నుంచి ఊడిపడలేదు.

ఇప్పుడు అగం. 2003లో మన బెంగళూరులోనే మొదలైంది. గాయకుడు, వయొలిన్ కూడా వాయించే హరీష్ శివరామకృష్ణన్‌ది కేరళలోని షొర్ణూరు. కీబోర్డు స్వామి సీతారామన్, లీడ్ గిటారు ప్రవీణ్ కుమార్. చాలామందికి పగలు కంపెనీల్లో ఉద్యోగం, సాయంత్రం సంగీతం. అంటే మన హూడిలో, ఐటీపీఎల్ చుట్టుపక్కల పొద్దున లేచి బస్సో మెట్రోనో పట్టుకునే పిల్లల లాంటివాళ్ళే. మన పిల్లలకు వాళ్ళంటే అంత ఇష్టం ఉండటానికి ఇది ఒక కారణం అని మాకు అనిపించింది. 2007లో సన్ టీవీలో ఏ.ఆర్. రెహమాన్ ముందు జరిగిన ఊ లలలా అనే పోటీలో గెలిచి పేరు తెచ్చుకున్నారు. 2012లో ఎంటీవీ కోక్ స్టూడియోలో మల్హార్ జామ్ పాడాక దేశమంతా తెలిసిపోయారు.

పేరు గురించి ఒక మాట చెప్పాలి. ఇది చెప్పే అర్హత మాకు ఉంది, ఎందుకంటే ఇంట్లో తెలుగు మాట్లాడినా మా చదువంతా తమిళ మీడియం. తెలుగు అక్షరాలు మేము ఉద్యోగంలో చేరాక, స్టేషను బోర్డులు చూసి కూడబలుక్కుని నేర్చుకున్నాం. బడిలో మాకు చెప్పింది సంగ సాహిత్యం. అందులో పాటలన్నీ రెండు రకాలు. అగం, పురం. అగం అంటే లోపల: ప్రేమ, ఎడబాటు, మనసులో జరిగేది. పురం అంటే బయట: యుద్ధం, రాజు, దానం, వీరుడి చావు. అగనానూరు నాలుగు వందలు, పురనానూరు నాలుగు వందలు. ఈ తేడా బడిలో మా బుర్రకు ఎక్కించిన తమిళ మాస్టారికి, ఒక రోజు మేము దాన్ని పట్టుకుని త్యాగయ్యను అర్థం చేసుకుంటామని తెలిసి ఉండదు.

ఇక ఆల్బమ్‌లు.

మొదటిది 2012లో వచ్చిన ది ఇన్నర్ సెల్ఫ్ అవేకెన్స్. లోపలి మనిషి మేలుకున్నాడు అని అర్థం. బృందం పేరునే ఆల్బమ్ పేరుగా విప్పి చెప్పారు. ఇందులో స్వాతి తిరునాళ్ ధనశ్రీ తిల్లానా ఉంది, కేరళ పడవ పాట ఉంది, మల్హార్ జామ్ ఉంది. తెలుగువాళ్ళకు ముఖ్యమైనది స్వాన్స్ ఆఫ్ సరస్వతి. సరస్వతి హంసలు. ఎందుకు హంసలు అంటే, రాగం హంసనాదం. కీర్తన బంటురీతి కొలు.

ఇక్కడ ఆగి ఒక సంగతి చెప్పాలి. పాట పేరు అందరూ బంటురీతి కొలు అనే రాస్తారు, కచేరీ జాబితాల్లోనూ అలాగే ఉంటుంది. కానీ కొలు అని మాట లేదు. అసలు మాట కొలువు. రాగం సాగిన చోట మాట రెండు ముక్కలై, మొదటి ముక్క పాట పేరులో ఉండిపోయింది. మన అపార్టుమెంటులో ఒక తమిళ ఆవిడ దీన్ని నవరాత్రి కొలు గురించిన పాట అనుకున్నారు. ఆవిడ తప్పు లేదు. తమిళంలో బొమ్మల కొలువును కొలు అనే అంటారు. అసలు కథ ఏమిటంటే, కొలువు అంటే ఉద్యోగం. బంటు అంటే భటుడు. దొర దగ్గర భటుడికి ఉండే ఉద్యోగం లాంటిది నాకు నీ దగ్గర ఇప్పించు రామా అని దరఖాస్తు పెట్టుకున్నారు త్యాగయ్య. మేము ముప్పై ఏళ్ళకు పైగా దరఖాస్తులు చూసినవాళ్ళం. ఇంత పొట్టిగా, ఇంత సూటిగా ఉన్న దరఖాస్తు ఇంకొకటి చూడలేదు.

భటుడు అన్నాక వాడికి సామాను ఇవ్వాలి కదా. కీర్తనలో ఆ సామాను లెక్క కూడా ఉంది. ఒళ్ళు గగుర్పొడవడమే వాడి కవచం. రామభక్తుడన్న పేరే వాడి బిళ్ళ. రామనామమే కత్తి. ఈ బిళ్ళ అన్న మాట దగ్గర మాకు ప్రతిసారీ మనసు ఆగుతుంది. స్టేషనులో పోర్టరు చేతికి కట్టుకునే ఇత్తడి బిళ్ళ చూసినవాళ్ళకు దాని విలువ తెలుసు. బిళ్ళ ఉంటేనే ప్లాట్‌ఫారం మీద పెట్టె ఎత్తే హక్కు. త్యాగయ్య తంజావూరు సీమలో రాజు కొలువులో బిళ్ళ బంట్లను చూసే ఉంటారు. ఆయన ఆ బిళ్ళను తీసుకెళ్ళి మనసు లోపల పెట్టారు. ఆ భటుడు కొట్టాల్సిన శత్రువులు కూడా బయటివాళ్ళు కారు: కామం, మదం, ఆ వరుసలో ఉన్నవాళ్ళు.

మా తమిళ బడి లెక్కలో చెప్పాలంటే, త్యాగయ్య పురం సామాను అంతా తీసుకుని అగం పాట కట్టారు. కవచం, కత్తి, బిళ్ళ, శత్రువు, అన్నీ యుద్ధం సామానే. యుద్ధం మాత్రం లోపల. అగం అని పేరు పెట్టుకున్న బృందం తన మొదటి ఆల్బమ్‌లో ఈ పాటనే పెట్టుకోవడం తెలిసి చేసిందో, దానంతట అదే కుదిరిందో గాని, బాగా కుదిరింది.

సంగీతం ఎలా ఉంది? డ్రమ్ము ఉంది, గిటారు గట్టిగానే ఉంది. కానీ కీర్తన నడక చెడలేదు. రాగం ఆరోహణ అవరోహణ దాటి పోలేదు. గిటారు పాటను మోస్తుంది, పాట మీద ఎక్కి కూర్చోదు. పాత అభిమానులు మొదటి ఆల్బమ్ గురించి చెప్పే మాట ఇదే: అందులో ఖాళీ ఉంది. గాలి ఆడుతుంది.

రెండోది 2017లో వచ్చిన ఎ డ్రీమ్ టు రిమెంబర్. ఇక్కడికి వచ్చేసరికి శబ్దం పెద్దదైంది. దీక్షితార్ రంగపుర విహార ఇందులో ఉంది. అది సంస్కృతం. కూత్తు ఓవర్ కాఫీ అని చలాకీ పాట ఒకటి ఉంది. చిన్నపిల్లలకు అదే ఇష్టం. తెలుగు పాట మిస్ట్ ఆఫ్ కాప్రికార్న్. మకర మాసం మంచు అనుకోవచ్చు. కీర్తన మనవ్యాలకించరాదటే, రాగం నళినకాంతి.

ఈ పేరు కూడా పిల్లలకు విడదీసి చెప్పాలి. మనవి, ఆలకించరాదటే. నా మనవి వినకూడదా అని. ఎవరితో అంటున్నారు? చాలామంది రాముడితో అనుకుంటారు. కాదు, తన మనసుతోనే. అందుకే చివర ఆ టే అన్న చనువు. దేవుడితో అలా అనరు, ఇంట్లో మనిషితో అంటారు. రాముడి దయ లోతు తెలిసినవాణ్ణి, మర్మం చెబుతాను, విను మనసా అంటున్నారు. కర్మకాండలో చిక్కుకుని సంసారం అనే అడవిలో తిరిగి అలిసిన మనుషులకు, తానే మనిషిగా వచ్చి నడవడి చూపించాడు కదా అని చెబుతున్నారు. మళ్ళీ లోపలి మాటే. మళ్ళీ అగమే.

ఈ కీర్తన రాక్ వాళ్ళకు అంత సులువు కాదు. ఇది దేశాది నడక. తాళం మొదటి దెబ్బ మీద పల్లవి రాదు, ఒకటిన్నర అక్షరం వదిలి ఎత్తుకుంటుంది. రాక్ డ్రమ్ము వాయించే చెయ్యి మొదటి దెబ్బ మీద బలంగా పడాలని చూస్తుంది. పాట ఆ దెబ్బ పడ్డాక నింపాదిగా వస్తుంది. ఆ ఒకటిన్నర అక్షరం ఖాళీని భయపడకుండా పట్టుకోవడంలోనే పనితనం ఉంది. రైలు కదిలాక కూడా తొందర లేకుండా ఎక్కే గార్డు సంగతి మా రైల్వే వాళ్ళకు తెలుసు. బండి ఆయనకు తెలుసు, బండికి ఆయన తెలుసు.

రెండో ఆల్బమ్‌ను మెచ్చుకునే వాళ్ళు ముఖ్యంగా సంగీతం వాయించేవాళ్ళు. గిటారు నేర్చుకునే పిల్లలు, కీబోర్డు పిల్లలు. ఎంత పని చేశారో చూడండి అంకుల్ అంటారు. పని ఉంది, మాట నిజం. కొన్ని చోట్ల పని కొంచెం ఎక్కువగానే కనిపిస్తుంది అన్నది మా అభిప్రాయం. పెళ్ళి భోజనంలో అన్నీ బాగున్నా, ఆకులో చెయ్యి పెట్టడానికి చోటు లేనట్టు. ఇంగ్లండులో 1970ల మధ్యకు ప్రోగ్రెసివ్ బృందాల మీద వచ్చిన ఫిర్యాదు కూడా ఇదే.

మూడోది 2025లో వచ్చిన అరైవల్ ఆఫ్ ది ఎథీరియల్. ఇందులో ఆర్కెస్ట్రా కూడా పెద్దది. సినిమా హాల్లో విన్నట్టు ఉంటుంది. తెలుగు పాట ది సైలెన్స్ దట్ రిమెయిన్స్, శ్రేయా ఘోషల్ కూడా పాడారు. కీర్తన మోక్షము గలదా, రాగం సారమతి. బ్రతికుండగానే ముక్తి పొందనివాళ్ళకు, నిజమైన భక్తీ సంగీత జ్ఞానమూ లేనివాళ్ళకు మోక్షం ఉంటుందా అని అడుగుతున్నారు. తర్వాత, ఆ నాదం ఎలా పుడుతుందో చెబుతున్నారు. ఒంటి లోపల ప్రాణం, అగ్ని కలిస్తే ప్రణవ నాదం, అందులోంచి ఏడు స్వరాలు. అంటే సంగీతం కచేరీ హాల్లో పుట్టదు, మనిషి లోపల పుడుతుంది.

మూడు ఆల్బమ్‌లు, మూడు తెలుగు కీర్తనలు, మూడూ లోపలికే తిరిగాయి. ఒకదానిలో లోపలి శత్రువులతో యుద్ధం. ఒకదానిలో తన మనసుతో మాట. ఒకదానిలో ఒంటిలో పుట్టే స్వరం. పదమూడేళ్ళ పనిని ఇలా వరుసగా పెట్టి వింటే ఒకే పెద్ద పాట విన్నట్టు ఉంది.

మరి ఏది గొప్ప? మన సంఘంలో మేము మాట్లాడినవాళ్ళలో కొత్తగా వింటున్న పిల్లలు మూడోదాన్ని అంటారు. వాయించేవాళ్ళు రెండోదాన్ని అంటారు. మొదటి నుంచి వింటున్నవాళ్ళు, ఊ లలలా టీవీలో చూసినవాళ్ళు, కోక్ స్టూడియో వచ్చిన రాత్రి హాస్టల్లో గుంపుగా కూర్చుని విన్నవాళ్ళు, ఎక్కువగా మొదటిదాని దగ్గరే ఆగుతారు. మా ఓటు కూడా దానికే. కారణం యవ్వనం జ్ఞాపకం ఒక్కటే కాదు. మొదటి ఆల్బమ్‌లో కీర్తన మాట స్పష్టంగా వినపడుతుంది. మాట వినపడితేనే దాని అర్థం అడగాలని ఎవరికైనా తోస్తుంది. మన ఇళ్ళల్లో పిల్లలు వచ్చి బంటు అంటే ఏంటి, బిళ్ళ అంటే ఏంటి అని అడిగింది ఆ ఆల్బమ్ విన్నాకే. మూడోదాన్ని విన్న పిల్లలు ఆహా అన్నారు గాని మాట అడగలేదు. ఇది ఆల్బమ్ మీద ఫిర్యాదు కాదు. సముద్రం దగ్గర నిలబడ్డవాడు ఆహా అంటాడు, బావి దగ్గర నిలబడ్డవాడు నీళ్ళు తోడుకుంటాడు. రెండూ కావాలి.

ఇప్పుడు అపచారం అన్న మాట దగ్గరకు వద్దాం.

త్యాగయ్య 1767 నుంచి 1847 వరకు ఉన్నారు. తిరువయ్యారులో, తమిళ సీమ మధ్యలో ఉండి తెలుగులో పాడారు. ఆయన పాటలు మనదాకా ఎలా వచ్చాయి? శిష్యులు రాసి పెట్టడం వల్ల. వాళ్ళల్లో ముఖ్యుడు వాలాజాపేట వేంకటరమణ భాగవతార్. ఆయన మాతృభాష సౌరాష్ట్రం. అంటే తమిళ దేశంలో ఉన్న తెలుగు కవి పాటలను సౌరాష్ట్రం మాట్లాడే శిష్యుడు భద్రపరిచాడు. వాలాజాపేట ఎక్కడో తెలుసా? మద్రాసు నుంచి కాట్పాడి వచ్చే దారిలో వాలాజా రోడ్డు స్టేషను చూసే ఉంటారు. దక్షిణాదిలో మొట్టమొదటి రైలు 1856లో రాయపురం నుంచి అక్కడికే నడిచింది. ఆ లైనే పెరిగి జోలార్‌పేట మీదుగా 1864లో బెంగళూరు చేరింది. ఇవాళ మన హూడి హాల్టులో ఆగే ప్యాసింజరు నడిచేది ఆ లైను మీదే. త్యాగయ్య పాటల కాగితాలూ, మనల్ని ఇక్కడికి తెచ్చిన రైలూ ఒకే దారిలో ఉన్నాయని తెలిసినప్పటి నుంచి మాకు ఆ స్టేషను దాటేటప్పుడు చెయ్యి జోడించాలనిపిస్తుంది.

తర్వాత బెంగళూరు నాగరత్నమ్మ. 1878లో నంజనగూడులో పుట్టింది. ఊరి పేరే ఇంటి పేరు చేసుకుంది. తిరువయ్యారులో త్యాగయ్య సమాధి పాడుపడి ఉందని తెలిసి, తన సొంత ఆస్తి అమ్మి గుడి కట్టించింది. 1926లో కుంభాభిషేకం చేయించింది. అలా కట్టించిన మనిషిని ఆరాధనలో పాడనిచ్చారా? ఆడవాళ్ళు పాడకూడదు, దేవదాసీ కులంవాళ్ళు అసలే పాడకూడదు అన్నారు. అపచారం అన్న మాట అప్పుడూ వచ్చింది. ఆవిడ వాదించింది, వేరేగా ఆడవాళ్ళ చేత పాడించింది. చివరికి 1940ల మొదట్లో గుంపులన్నీ ఒకటయ్యాయి. ఇవాళ పంచరత్న కీర్తనలు ఆడా మగా కలిసి కూర్చుని పాడుతుంటే టీవీలో చూసి మనం దండం పెట్టుకుంటాం. ఆవిడ సమాధి కూడా ఆయన సమాధికి ఎదురుగానే ఉంది.

ఇంకో పక్క కథ కూడా చెప్పాలి. 1940ల్లో తమిళ ఇసై ఉద్యమం వచ్చింది. అన్నామలై చెట్టియార్ ముందుండి నడిపారు. 1943లో తమిళ ఇసై సంఘం పెట్టారు. వాళ్ళ ఫిర్యాదు ఏమిటి? తమిళ దేశంలో కచేరీ నిండా తెలుగు పాటలే, అర్థం కాని పాట ఎందుకు వినాలి అని. మా బడి రోజుల్లో కూడా మాస్టార్లు ఈ మాట అడిగేవారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అర్థం కాని పాటను ఎందుకు వినాలి?

కానీ ఆలోచించండి. ఆ ప్రశ్న వాళ్ళకన్నా ఇవాళ మనల్ని ఎక్కువ అడగాలి. కేరళ నుంచి వచ్చిన గాయకుడు, తమిళ పేరున్న బృందం, కన్నడ నేల, అందరూ కలిసి తెలుగు కీర్తన పాడుతుంటే, మైదానంలో వేలమంది దానికి ఊగుతుంటే, ఆ గుంపులో ఉన్న తెలుగు పిల్లలకు మాత్రం అర్థం తెలియదు. మన పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదవలేరు. ఇది మేము నింద కోసం అనటం లేదు. తమిళ బడిలో చదివిన మాకు ఆ పరిస్థితి లోపలి నుంచి తెలుసు. భాష నోట్లో ఉండి కంటికి అందకపోతే ఎలా ఉంటుందంటే, ఇంటి తాళం చెవి చేతిలో ఉండి తలుపు ఎక్కడుందో తెలియనట్టు.

గిటారు వల్ల త్యాగయ్యకు వచ్చే అపచారం ఏమీ లేదు. సౌరాష్ట్ర శిష్యుడి కలం వల్ల రాలేదు, నాగరత్నమ్మ గొంతు వల్ల రాలేదు, మూడు నిమిషాల ప్లేటు వల్ల రాలేదు. ఆయన్ను ప్రతిసారీ మోసుకొచ్చింది ఎక్కడో బయట నిలబడ్డవాళ్ళే. అపచారం అంటూ ఒకటి ఉంటే అది కొలువు అన్న మాట కొలు అయిపోయినా ఎవరూ పట్టించుకోకపోవడం. ఆ మాట తెలిసిన ఇంట్లో కూడా.

కాబట్టి మా సూచన ఇది. కమిటీ ముందు పెట్టమని కోరుతున్నాం.

పుష్య బహుళ పంచమి ఉదయం పంచరత్న కీర్తనలు ఎప్పటిలాగే జరగాలి, అందులో మార్పు వద్దు. సాయంత్రం ఒక గంట పిల్లలకు ఇద్దాం. మూడు ఆల్బమ్‌ల నుంచి మూడు పాటలు, ఒక్కొక్కటే, స్పీకరులో వినిపిద్దాం. షరతు ఒక్కటే. ప్రతి పాటకు ముందు ఒక పిల్లో పిల్లవాడో ఆ కీర్తనను తెలుగు అక్షరాల్లో చూసి చదవాలి. పాడనవసరం లేదు, చదివితే చాలు. తర్వాత మాట మాటకు అర్థం చెప్పాలి. బంటు అంటే ఇది, కొలువు అంటే ఇది, బిళ్ళ అంటే ఇది అని. మాట ఎక్కడ విరుగుతుందో, ఎక్కడ విరగకూడదో చెప్పాలి. వాళ్ళకు నేర్పే పని మన పెద్దవాళ్ళది. వద్దన్న పెద్దవాళ్ళే ఈ పని తీసుకుంటే ఇంకా మంచిది. వాళ్ళకు కీర్తనలు మా కన్నా బాగా తెలుసు.

ఆరాధనకు ఇంకా సమయం ఉంది. ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు క్లబ్ హౌస్ పక్క గదిలో అక్షరాలు నేర్పడానికి మేము కూర్చుంటాం. పలక, పెన్సిలు మేమే తెస్తాం. పిల్లలనే కాదు, చదవడం రాని పెద్దవాళ్ళు కూడా మొహమాటం లేకుండా రావచ్చు. పాతికేళ్ళ వయసులో అ, ఆ దిద్దుకున్నవాళ్ళం మేము. మీకు ఎవరికీ ఆలస్యం కాలేదు.

మొదటి పాఠం బంటురీతి కొలువు. పూర్తి మాటతోనే.